పెద్ద పడవకు ఏ హిచ్ సరిపోతుంది? పెట్టె మీది అంకె చెప్పని లెక్క ఇదీ

అమెరికాలో మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవులతో పడవల సీజన్ ఊపందుకుంటుంది. చలికాలమంతా ఇంటి వెనక కవర్ కింద ఉన్న పడవలు ట్రైలర్లతో సహా రోడ్డు మీదికి వస్తాయి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న లేక్ టెక్సోమా, అట్లాంటా దగ్గరి లేక్ లేనియర్, షార్లెట్ పక్కన ఉన్న లేక్ నార్మన్ ఆ నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ తెలిసిన చోట్లే. ఒకప్పుడు గంటల లెక్కన పడవ అద్దెకు తీసుకున్నవారిలో కొందరు ఇప్పుడు సొంత పడవ కొంటున్నారు.

పెద్ద పడవ కొన్నవారికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. దాన్ని లాగడానికి ఎంత బలమైన హిచ్ బిగించాలి?

దుకాణంలో సమాధానం సులువుగానే దొరుకుతుంది. హిచ్ పెట్టె మీద ‘10,000 పౌండ్లు’ అని ఉంటుంది. పడవ బ్రోషర్‌లో బరువు 4,000 పౌండ్ల లోపే ఉంటుంది. అవసరానికి రెండింతలకు పైగా బలమున్న హిచ్ కొన్నాక ఇక భయమెందుకు అనిపిస్తుంది.

ఈ రెండు అంకెలూ నిజమే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి నిర్ణయానికి రావడమే పొరపాటు. బ్రోషర్‌లో ఉన్నది రోడ్డు మీద కదిలే బరువు కాదు. పెట్టె మీద ఉన్నది ఆ ఇనుప చట్రం ఒక్కదాని బలం. దాన్ని బిగించిన వాహనం అంత మోయగలదని అది చెప్పదు. ఒక ట్రైలర్ హైవే మీద సురక్షితంగా వెళ్లాలంటే వరుసగా అరడజను భాగాలు బరువును ఆపాలి. వాటిలో అన్నింటికన్నా చిన్న అంకె దేనిదో, మొత్తం అమరిక సామర్థ్యం అంతే.

హిచ్ అంటే ఒక్క వస్తువు కాదు

వాహనం వెనక, చాసిస్‌కు బోల్టులతో బిగించే ఇనుప చట్రాన్ని రిసీవర్ అంటారు. దాని మధ్యలో చదరపు గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలోకి దూర్చి, పిన్నుతో బిగించే కడ్డీ బాల్ మౌంట్. దాని కొసన ఉండే ఉక్కు బంతి హిచ్ బాల్. ట్రైలర్ ముందు కొసన టోపీలా ఉండి ఆ బంతి మీద కూర్చునేది కప్లర్. ఇవి కాక పిన్ను, రక్షణ గొలుసులు, లైట్లకు కరెంటు ఇచ్చే కనెక్టర్ ఉంటాయి.

వీటిలో బరువును ఆపే ప్రతి భాగానికీ విడివిడి పరిమితి ఉంటుంది. 10,000 పౌండ్ల రిసీవర్‌లో 6,000 పౌండ్ల బాల్ మౌంట్ దూర్చి, దాని మీద 3,500 పౌండ్ల బంతి బిగిస్తే ఆ అమరిక పరిమితి 3,500 పౌండ్లే.

తరగతులు ఏం చెబుతాయి?

అమెరికా మార్కెట్లో రిసీవర్ హిచ్‌లను అయిదు తరగతులుగా అమ్ముతారు. ఒక్కో తరగతికి రెండు అంకెలుంటాయి. మొదటిది లాగగలిగే మొత్తం ట్రైలర్ బరువు. రెండోది ట్రైలర్ ముందు కొస బంతి మీద నిలువుగా మోపే బరువు. దీన్నే టంగ్ వెయిట్ అంటారు.

మొదటి తరగతి 2,000 పౌండ్లు, టంగ్ వెయిట్ 200. రెండోది 3,500 పౌండ్లు, టంగ్ వెయిట్ 350. ఈ రెంటికీ సాధారణంగా 1¼ అంగుళాల గొట్టం ఉంటుంది. మూడో తరగతి నుంచి గొట్టం 2 అంగుళాలు. మార్కెట్లో మూడో తరగతిగా అమ్మేవి 8,000 పౌండ్ల వరకు, నాలుగో తరగతివి 10,000 పౌండ్ల వరకు లాగుతాయి. టంగ్ వెయిట్ పరిమితి అందులో పదో వంతు. అయిదో తరగతివి 16,000 పౌండ్లు, ఆపైన కూడా ఉంటాయి. వాటిలో 2½ అంగుళాల గొట్టాలు ఎక్కువ.

అయితే ఈ తరగతుల పేర్లను గుడ్డిగా నమ్మలేం. ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె684 ప్రమాణం మూడో తరగతిని 5,000 పౌండ్ల దగ్గరే ఆపుతుంది. తయారీదారులు అదే పేరుతో 8,000 పౌండ్ల వరకు అమ్ముతున్నారు. అందుకే తరగతి పేరు కన్నా రిసీవర్‌కు అంటించిన స్టిక్కర్ చదవడం ముఖ్యం.

ఆ స్టిక్కర్ మీద చాలాసార్లు రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి బంతి మీద నేరుగా బరువు మోపినప్పటి పరిమితి. రెండోది బరువును పంచే ప్రత్యేక అమరిక వాడినప్పటి పరిమితి. కొన్ని పికప్‌లలో మొదటిది 5,000 పౌండ్లే ఉండి, రెండోది 10,000 దాటుతుంది. ప్రకటనల్లో కనిపించేది రెండో అంకె. మామూలు బాల్ మౌంట్ బిగించిన యజమానికి వర్తించేది మొదటిది.

పడవ అసలు బరువెంత?

పడవ బ్రోషర్లలో ఇచ్చేది ‘డ్రై వెయిట్’. అంటే ఇంధనం, నీళ్లు, సామాను లేని బరువు. అవుట్‌బోర్డ్ పడవల విషయంలో చాలా కంపెనీలు ఇందులో ఇంజిన్‌ను కూడా కలపవు. ట్రైలర్ బరువు ఎలాగూ ఉండదు.

24 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవను ఉదాహరణగా తీసుకుందాం. బ్రోషర్‌లో బరువు 3,900 పౌండ్లు (సుమారు 1,770 కిలోలు) అనుకుందాం. 300 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ 550 పౌండ్ల దాకా ఉంటుంది. పెట్రోలు గ్యాలన్‌కు దాదాపు 6 పౌండ్లు. 100 గ్యాలన్ల ట్యాంకు నింపితే 600 పౌండ్లు. రెండు పెద్ద బ్యాటరీలు 100. లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, మంచినీళ్లు, చేపల గాలాలు, ఐస్ పెట్టె కలిపి 350. రెండు ఇరుసుల అల్యూమినియం ట్రైలర్ 1,300.

మొత్తం 6,800 పౌండ్లు. అంటే 3,084 కిలోలు. బ్రోషర్ అంకె కన్నా 2,900 పౌండ్లు ఎక్కువ.

ఈ ఒక్క కూడికతోనే చాలా వాహనాలు పక్కకు తప్పుకుంటాయి. ప్రవాస తెలుగు ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే టయోటా హైలాండర్, హోండా పైలట్, కియా టెల్లూరైడ్ వంటి మూడు వరుసల ఎస్‌యూవీల పరిమితి సాధారణంగా 5,000 పౌండ్లు. మినీవ్యాన్లది 3,500. వీటికి నాలుగో తరగతి హిచ్ బిగించినా ఆ పరిమితులు పెరగవు. వాహనం ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్, చాసిస్ అన్నీ కలిసి నిర్ణయించిన అంకె అది. హిచ్ మార్చినంత మాత్రాన అవేవీ మారవు.

ఎడ్లబండి చెప్పే సూత్రం

ఇక రెండో అంకె, టంగ్ వెయిట్. హిచ్ కొనేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే. అసలు ప్రమాదం ఉన్నదీ ఇక్కడే.

రెండు చక్రాల ఎడ్లబండికి సామాను ఎక్కించిన వారికి ఈ సూత్రం కొత్త కాదు. బరువంతా ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి పేరిస్తే నొగ పైకి లేచి, కాడి మెడను పైకి గుంజుతుంది. ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండేలా సర్దితేనే బండి కుదురుగా నడుస్తుంది. ట్రైలర్‌కు నొగ టంగ్ అయితే, కాడి స్థానంలో హిచ్ బంతి ఉంది.

మామూలు ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బంతి మీద ఉండాలన్నది అమెరికాలో స్థిరపడిన నియమం. పడవ ట్రైలర్లలో ఇరుసులు బాగా వెనకగా ఉంటాయి, ఇంజిన్ చివరన వేలాడుతుంది. అందుకే కొందరు తయారీదారులు వీటికి ఇంకాస్త తక్కువ శాతాన్ని కూడా అనుమతిస్తారు. తుది మాట వాహనం మాన్యువల్‌దీ, ట్రైలర్ మాన్యువల్‌దీ.

ఈ బరువు మరీ తగ్గితే ఏమవుతుంది? ట్రైలర్ గరిమనాభి వెనక్కి జరుగుతుంది. గాలి తోపుకో, పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడో ట్రైలర్ కొంచెం పక్కకు ఊగుతుంది. బరువు ముందున్నప్పుడు ఆ ఊపు తనంతట తానే చల్లారుతుంది. వెనకున్నప్పుడు, ఒక వేగం దాటాక, ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. గంటకు 50 మైళ్ల దగ్గర నిశ్చలంగా ఉన్న ట్రైలర్ 65 దగ్గర తోకలా కొట్టుకోవడానికి కారణం ఇదే. అప్పుడు లాగే వాహనం వెనక చక్రాలు కూడా దానితోపాటు పక్కకు ఈడ్చుకుపోతాయి.

మరీ పెరిగితే ప్రమాదం ఇంకోలా వస్తుంది. బంతి వెనక ఇరుసుకు వెనక ఉంటుంది కాబట్టి అది మీటలా పనిచేస్తుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య 12 అడుగులు, వెనక ఇరుసు నుంచి బంతికి 4 అడుగులు ఉన్న పికప్ మీద 680 పౌండ్ల టంగ్ వెయిట్ పడిందనుకుందాం. ముందు ఇరుసు మీద 227 పౌండ్లు తగ్గుతాయి. వెనక ఇరుసు మీద 680 కాదు, 907 పౌండ్లు అదనంగా పడతాయి. స్టీరింగ్ తిప్పేదీ, బ్రేకుల భారంలో ఎక్కువ భాగం మోసేదీ ముందు చక్రాలే. వాటికి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

ముందుగా అయిపోయే అంకె: పేలోడ్

పికప్ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది టో రేటింగ్. ‘11,000 పౌండ్లు లాగుతుంది’ అన్నట్టు ఉంటుంది. 6,800 పౌండ్ల పడవకు అది ఎంతో ఎక్కువనిపిస్తుంది. కానీ డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక పసుపు స్టిక్కర్ కనిపిస్తుంది. ప్రయాణికులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని దాని మీద కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. దాన్నే వాడుకలో పేలోడ్ అంటారు. ఒకే మోడల్‌లో రెండు వాహనాలకు కూడా ఈ అంకె ఒకటే ఉండకపోవచ్చు. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, ఫోర్ వీల్ డ్రైవ్ వంటివి చేరే కొద్దీ పేలోడ్ తగ్గుతుంది.

టంగ్ వెయిట్ మొత్తం ఈ పేలోడ్ లెక్కలోకే వస్తుంది.

పేలోడ్ 1,500 పౌండ్లు ఉన్న పికప్‌ను తీసుకుందాం. పైన చెప్పిన పడవ టంగ్ వెయిట్ 10 శాతం లెక్కన 680. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మొత్తం అయిదుగురు కలిపి 750. బాల్ మౌంట్, బంతి 30. వెనక తొట్టిలో పెట్టిన సంచులు, కుర్చీలు, వంట సామాను 200. మొత్తం 1,660 పౌండ్లు.

టో రేటింగ్ ప్రకారం ఇంకా 4,000 పౌండ్లకు పైగా మిగులు. పేలోడ్ ప్రకారం 160 పౌండ్లు అధికం. రెండూ ఒకే వాహనం లెక్కలే. పెద్ద పడవ లాగే చాలామంది విషయంలో ముందుగా దాటిపోయే గీత ఈ రెండోదే.

ఇంత తేడా ఎందుకంటే, టో రేటింగ్ లెక్కించే పద్ధతిలో వాహనం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఎస్ఏఈ 2008లో తెచ్చిన జె2807 ప్రమాణం ప్రకారం చేసే ఈ లెక్కలో డ్రైవరు, పక్కన ఒక ప్రయాణికుడు, ఒక్కొక్కరు 150 పౌండ్లు అని అనుకుంటారు. మిగతా పరీక్షలు కఠినమైనవే. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తు రోడ్డును, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, ఏసీ వేసుకుని, మామూలు పికప్‌లైతే గంటకు 40 మైళ్ల కన్నా వేగం తగ్గకుండా ఎక్కాలి. ఇంజిన్‌కూ, గేర్‌బాక్స్‌కూ పెట్టిన పరీక్ష అది. నిండు కుటుంబంతో వెళ్లే బండికి దాన్ని నేరుగా అన్వయించలేం.

స్ప్రింగ్ కడ్డీలు పెడితే సరిపోతుందా?

వెనక ఇరుసు కుంగిపోతుంటే బరువును పంచే హిచ్ పెట్టమని సలహా ఇస్తుంటారు. దీనిలో రెండు బలమైన స్ప్రింగ్ కడ్డీలు బాల్ మౌంట్ నుంచి ట్రైలర్ చట్రం దాకా సాగి, బరువులో కొంత భాగాన్ని ముందు ఇరుసుకు, ఇంకొంత ట్రైలర్ ఇరుసులకు నెడతాయి. ఇళ్లలాంటి ట్రావెల్ ట్రైలర్లకు ఇది బాగా పనిచేస్తుంది.

పడవ ట్రైలర్ల దగ్గర రెండు చిక్కులున్నాయి. మొదటిది చట్రం ఆకారం. చాలా పడవ ట్రైలర్లకు ముందు భాగం ఒకే కడ్డీలా ఉంటుంది. కడ్డీల బ్రాకెట్లు రెండు వైపులా బిగించడానికి అక్కడ చోటుండదు. రెండోది బ్రేకులు. నీళ్లలో మునిగే పడవ ట్రైలర్లకు ఎక్కువగా సర్జ్ బ్రేకులే ఉంటాయి. ముందు వాహనం వేగం తగ్గినప్పుడు వెనక నుంచి ట్రైలర్ ముందుకు తోస్తుంది. ఆ తోపుడుకు కప్లర్ లోపలికి జారి, హైడ్రాలిక్ ద్రవాన్ని నొక్కి బ్రేకు వేస్తుంది. స్ప్రింగ్ కడ్డీలు గానీ, ఊగకుండా ఆపే రాపిడి కడ్డీ గానీ ఆ జారుడుకు అడ్డుపడితే బ్రేకు సరిగ్గా పడదు.

సర్జ్ బ్రేకులతో కలిసి పనిచేసేలా తయారైన అమరికలు కొన్ని ఉన్నాయి. కొనేముందు హిచ్ కంపెనీ, బ్రేకు కంపెనీ రెండూ అందుకు అనుమతిస్తున్నాయో లేదో చూసుకోవాలి. బరువును పంచే హిచ్ పెట్టినా తలుపు పక్కనున్న పసుపు స్టిక్కర్ మీది అంకె మాత్రం పెరగదు.

సర్జ్ బ్రేకులకు ఇంకో పరిమితి ఉంది. ట్రైలర్ ఊగడం మొదలైతే, కరెంటు బ్రేకులున్న ట్రైలర్ల డ్రైవర్లు లోపలి మీట నొక్కి ట్రైలర్‌కు మాత్రమే బ్రేకు వేసి దాన్ని దారికి తెచ్చుకోగలరు. సర్జ్ బ్రేకుల్లో ఆ వీలు లేదు. యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టడమే దారి. అందుకే పడవ విషయంలో టంగ్ వెయిట్ సరిగ్గా ఉంచుకోవడం మరింత అవసరం. పెద్ద పడవలకు కరెంటుతో నడిచే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు కూడా ఉన్నాయి. ఖర్చు ఎక్కువే అయినా, నియంత్రణ డ్రైవరు చేతిలో ఉంటుంది.

బ్రేకులు ఎప్పుడు తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 పౌండ్ల దగ్గర ఉంటే, టెక్సస్‌లో 4,500 దగ్గర ఉంది. 6,800 పౌండ్ల పడవకు చాలా రాష్ట్రాల్లో బ్రేకులు ఉండాల్సిందే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనాల వేగం గంటకు 55 మైళ్లు మించకూడదు. పడవ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటితే సాధారణంగా ప్రత్యేక పర్మిట్ కావాలి.

బంతి పరిమాణంలో పొరపాటు ప్రాణాంతకం

హిచ్ బంతులు ప్రధానంగా మూడు పరిమాణాల్లో దొరుకుతాయి: 1 7/8, 2, 2 5/16 అంగుళాలు. పెద్ద పడవలకు చివరి రెండే. కప్లర్ మీద దానికి సరిపోయే బంతి పరిమాణం, బరువు పరిమితి రెండూ అచ్చు వేసి ఉంటాయి.

2 5/16 అంగుళాల కప్లర్‌ను 2 అంగుళాల బంతి మీద పెడితే అది కూర్చుంటుంది. గొళ్లెం కూడా పడుతుంది. చదును రోడ్డు మీద బాగానే కదులుతుంది. ఒక గుంతలో పడి ఎగిరినప్పుడు కప్లర్ బంతి మీద నుంచి లేచిపోతుంది. తేడా అంగుళంలో మూడో వంతు కూడా లేదు. చూపుకు తెలియని తేడా కాబట్టి అంకెలు చదివి చూసుకోవాల్సిందే. గొళ్లెం వేశాక ట్రైలర్ జాకీతో ముందు కొసను పైకి ఎత్తి చూడటం మంచి అలవాటు. వాహనం వెనక భాగం దానితోపాటు లేస్తే కప్లర్ పట్టుకున్నట్టు.

ఒకే పరిమాణం బంతులన్నింటికీ బలం ఒకటే కాదు. 2 అంగుళాల బంతుల్లో 3,500 పౌండ్లవీ ఉన్నాయి, 8,000 పౌండ్లవీ ఉన్నాయి. బంతి కింది మర లావు పెరిగే కొద్దీ సామర్థ్యం పెరుగుతుంది. 2½ అంగుళాల గొట్టంలో 2 అంగుళాల బాల్ మౌంట్ పట్టేలా తొడుగు వేసినా, బాల్ మౌంట్‌ను పొడిగించినా పరిమితి తగ్గే అవకాశం ఉంది. ఆ తొడుగు మీద కూడా అంకె చూడాలి.

బాల్ మౌంట్ ఎత్తు కూడా చూసుకోవాలి. ట్రైలర్ నేలకు సమాంతరంగా నిలవాలి. ముందు కొస పైకి లేస్తే బరువు వెనక్కి జారి టంగ్ వెయిట్ తగ్గుతుంది. రెండు ఇరుసుల ట్రైలర్లలో ఒక ఇరుసు మీదే భారం ఎక్కువ పడి టైర్లు వేడెక్కుతాయి.

రక్షణ గొలుసులను కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఇంకొకటి వచ్చేలా వేయాలి. కప్లర్ ఊడినా నేల మీద పడకుండా ఆ ఊయలలో ఆగుతుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే తాడును ఆ గొలుసులకు కాకుండా నేరుగా వాహనానికి తగిలించాలి. గొలుసులు తెగితే వాటితోపాటు ఆ తాడు కూడా పోకూడదు.

ఉప్పు నీళ్ల లెక్క వేరు

పడవను దించేటప్పుడు ట్రైలర్‌తోపాటు ఒక్కోసారి వాహనం వెనక భాగం కూడా తడుస్తుంది. గల్ఫ్ తీరం, ఫ్లోరిడా వంటి చోట్ల అది ఉప్పు నీరు. రిసీవర్ గొట్టం లోపలా, బోల్టుల చుట్టూ తుప్పు పడుతుంది. పైన నల్ల పూత నున్నగా మెరుస్తున్నా, లోపల గొట్టం గోడ పలచబడి ఉండొచ్చు. స్టిక్కర్ మీది అంకె కొత్త ఉక్కుకు ఇచ్చింది. తుప్పు తిన్న ఉక్కుకు కాదు.

ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం, సీజన్ అయ్యాక బాల్ మౌంట్‌ను బయటకు తీసి ఉంచడం, బోల్టుల బిగువును కంపెనీ చెప్పిన మేరకు ఏటా సరిచూడటం పెద్ద ఖర్చు లేని పనులు. పాత వాహనం కొనేవారు మాత్రం బాల్ మౌంట్ తీయించి, గొట్టం లోపలికి టార్చి వేసి చూడాలి.

భారత్‌లో పరిస్థితి ఏమిటి?

మన దేశంలో సొంత కారుకు పడవ తగిలించుకుని వెళ్లే అలవాటు దాదాపు లేదు. పడవలు లారీల మీదో, ట్రాక్టర్ ట్రాలీల మీదో కదులుతాయి. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను తీరం నుంచి లోపలి జిల్లాలకు తీసుకెళ్లింది లారీల మీదే.

అయినా ఆన్‌లైన్ దుకాణాల్లో కార్లకు, జీపులకు టో బార్‌లు కనిపిస్తున్నాయి. కొనేముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వాహనం తయారీ వివరాలను మార్చే సవరణలను 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి కంపెనీ ఆమోదం ఉందా, ఆర్టీఏ ఒప్పుకుంటుందా అన్నది ముందే తేల్చుకోవాలి. ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ అవసరం. రెండోది, కారుతోపాటు వచ్చే కొక్కెం ఆగిపోయిన బండిని గుంజడానికి ఇచ్చింది. ట్రైలర్ మోపే నిలువు బరువును మోయడానికి కాదు.

ఏ వరుసలో నిర్ణయించుకోవాలి?

హిచ్‌తో మొదలుపెట్టి పడవ దగ్గరికి రావడం తలకిందుల దారి. పడవతో మొదలుపెట్టి హిచ్ దగ్గరికి రావాలి.

ముందు పడవ, ఇంజిన్, నిండు ట్యాంకు, సామాను, ట్రైలర్ కలిపి అసలు బరువు తెలుసుకోవాలి. అమెరికాలో హైవేల పక్కన ట్రక్కులు ఆగే చోట్ల పెద్ద కాటాలుంటాయి. కొద్ది డాలర్లకు ఇరుసుల వారీగా బరువు చీటీ ఇస్తారు. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి వాహనాన్ని తూయిస్తే టంగ్ వెయిట్ కూడా తెలిసిపోతుంది. అది తక్కువగా ఉంటే ట్రైలర్ మీద పడవను కాస్త ముందుకు జరపాలి. అందుకు ముందున్న వించ్ స్తంభాన్ని మార్చి బిగించాల్సి రావచ్చు.

రెండో అడుగులో ఆ టంగ్ వెయిట్‌కు మనుషులు, సామాను కలిపి పసుపు స్టిక్కర్‌తో పోల్చాలి. మూడో అడుగు వాహనం టో రేటింగ్, వాహనం, ట్రైలర్ రెండూ కలిపిన మొత్తం బరువు పరిమితి. ఈ మూడూ కుదిరాకే రిసీవర్, బాల్ మౌంట్, బంతి, కప్లర్, గొలుసుల అంకెలు చూడాలి. పైన చెప్పిన 6,800 పౌండ్ల పడవకు 8,000 పౌండ్ల మూడో తరగతి హిచ్ కాగితం మీద సరిపోతుంది. ఏటా వాడే యజమానులు మాత్రం 15, 20 శాతం మిగులు చూసుకుని నాలుగో తరగతికి వెళ్తారు. వాహనం అందుకు అనుమతిస్తే అదే మంచిది.

ఏ ఒక్క అంకె కుదరకపోయినా మార్గాలు మూడే. పెద్ద వాహనం, చిన్న పడవ, లేదా నీళ్ల పక్కనే అద్దె షెడ్డులో పడవను ఉంచడం. నాలుగోది, ‘ఇంత దూరమే కదా, నెమ్మదిగా వెళ్దాం’ అనుకోవడం. ఆ ధీమాతో బయల్దేరిన ట్రైలర్ విడిపోతే, ముందున్న పికప్‌లో కూర్చున్నవారికి ఏమీ కాకపోవచ్చు. మూడు టన్నుల బరువు దూసుకెళ్లేది ఎదురుగా వచ్చే కారు మీదికి. హిచ్ ఎంచుకునేటప్పుడు లెక్కలోకి రావాల్సిన మనుషుల్లో ఆ కారులోని వాళ్లూ ఉన్నారు.